తప్పు రీడింగ్‌కు మార్కులు ఎవరిస్తారు?

విశాఖలో స్కూలు పిల్లల టూర్ అంటే దాదాపు ఒకటే రూటు. పొద్దున్నే ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి, రోడ్డుకు అవతల టీయూ-142 విమానం, భోజనాలయ్యాక కైలాసగిరి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి లోపలికి వెళ్లడం దేశంలో ఎంతమంది పిల్లలకు దొరుకుతుంది? కానీ ఆ ఇరుకు దారిలో వెనకవాళ్లు తోస్తుంటే కాసేపట్లోనే అవతలి గుమ్మంలోంచి బయటపడతారు. అంత బరువున్న ఇనుప ఓడ మునిగి మళ్లీ ఎలా తేలుతుందని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మర్నాడు 'చూసొచ్చిన విశేషాలు' పది లైన్లు రాస్తే సరి, అనుభవం ద్వారా నేర్చుకున్నట్టు రికార్డుల్లోకి ఎక్కుతుంది.

టూర్లు వద్దని కాదు. చూడటం వేరు, చెయ్యడం వేరు. హైస్కూలు పిల్లవాడు తన చేత్తో ఒకటి కొలిచి, లెక్క తేడా వచ్చి, ఎందుకు వచ్చిందో వెతుక్కున్నప్పుడే చదువు చేతికి అందినట్టు. అందుకు పది చోట్లకు తిప్పనక్కర్లేదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి.

బడి ఆవరణ దాటకుండానే ఒక పని ఉంది. గ్రౌండ్‌లో నేల పైన మీటరు ఎత్తుండేలా కర్ర నిటారుగా పాతి, మధ్యాహ్నం దాని నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరం అంటాం. విశాఖలో అది నిజమయ్యేది ఏడాదికి రెండుసార్లే, మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి. (మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. సూర్యుడికి కూడా మన అకడమిక్ క్యాలెండర్ తెలిసినట్టుంది.) డిసెంబరు 21 ప్రాంతంలో అదే కర్ర నీడ మధ్యాహ్నం కూడా 87 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. జూన్ 21 ప్రాంతంలో పది సెంటీమీటర్లకు కుదించుకుపోయి, ఉత్తరానికి బదులు దక్షిణం వైపు పడుతుంది. సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా ఉండే సెప్టెంబరు 23న 32 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, పదో తరగతి త్రికోణమితితోనే తమ ఊరి అక్షాంశం దాదాపు 17.7 డిగ్రీలని పిల్లలే తేల్చగలరు. భూగోళం, గణితం, భౌతికశాస్త్రం మూడు పీరియడ్లలో విడివిడిగా చెప్పేది ఒక్క కర్ర దగ్గర కలుస్తుంది. రెండు జట్లకు రెండు నీడలు వస్తే మరీ మంచిది. కర్ర ఒరిగిందా, నేల ఏటవాలుగా ఉందా, నీడ కొస మసగ్గా ఉంటే ఎక్కడిదాకా కొలిచారు? ఆ వాదనే అసలు పాఠం.

ఇంకా కావాలంటే ఊరంతా ఉంది. పోర్టు నుంచి వచ్చే ధూళి గురించి విశాఖ పాతనగరం వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. తెల్ల కాగితానికి వాజలీన్ రాసి అక్కడి బడి కిటికీలో వారం ఉంచి, పోర్టుకు దూరంగా ఉన్న మధురవాడ బడిలో పెట్టిన కాగితంతో పోల్చి చూడొచ్చు. సముద్రం పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఎందుకు వస్తుందో చేపలరేవు గోడ మీద గుర్తులు పెట్టి తెలుసుకోవచ్చు.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదనలేం. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వాళ్లకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర పని నేర్పమంది. పిల్లలు పరికరాలతో సొంతంగా వస్తువులు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. ల్యాబ్‌తో చిక్కేమిటంటే, అందులో ఖరీదైన వస్తువు ఉంటుంది. త్రీడీ ప్రింటర్ పాడైతే జవాబు చెప్పాల్సింది టీచరు. అందుకే తనిఖీ రోజున తెరిచి, మిగతా రోజుల్లో తాళం వెయ్యడం ఆయనకు తెలివైన పని అవుతుంది. ఆ పరిస్థితిలో నేనైనా అదే చేస్తాను. కర్ర విరిగితే ఎవరూ సంజాయిషీ అడగరు.

అసలు టెన్షన్ మార్కులతో. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో భౌతిక, రసాయన శాస్త్రాలకు 50, జీవశాస్త్రానికి 50. రెండూ రాత పరీక్షలే. పరీక్షనాళిక చేత్తో పట్టుకోని పిల్లవాడికీ నూటికి నూరు రావచ్చు. ఏడాది పొడవునా బడిలోనే జరిగే ఎఫ్‌ఏల్లో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో) ప్రాజెక్టు వర్క్‌కు మార్కులు పెట్టారు గానీ, అది ఎలా నడుస్తోందో ఏ స్టేషనరీ షాపులో అడిగినా చెబుతారు. అగ్నిపర్వతం, సౌరకుటుంబం, మూత్రపిండం రెడీమేడ్‌గా దొరుకుతాయి. రాత్రి పదింటికి థర్మోకోల్ అతికించేది నాన్న, చార్టు మీద రాసేది అక్క. నీటుగా ఉన్నదానికి మార్కులు వేస్తే పిల్లలు నీటుగా ఉన్నదే కొనుక్కొస్తారు.

టీచర్ల భయాలూ ఉత్తవి కావు. ఆర్కే బీచ్‌లో అలలకు కొట్టుకుపోయిన వాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. నలభై మందిని తీరానికి తీసుకెళ్లే బాధ్యత ఒక్క మనిషి మీద వెయ్యడం అన్యాయం. పోటు కొలవడానికైతే ఒక్కో జట్టులో ఆరుగురికి మించకూడదు, తోడు ఒక తల్లో తండ్రో ఉండాలి. చేపలరేవులో పనిచేసే తండ్రి అయితే టీచరుకే నాలుగు విషయాలు చెబుతాడు.

మార్పు ఎఫ్‌ఏ నుంచే మొదలుపెట్టొచ్చు. ప్రాజెక్టు మార్కులు చార్టుకు కాక నోటుపుస్తకానికి వెయ్యాలి. తేదీలు, కొలతలు, కొట్టివేతలు, 'ఈ రోజు మబ్బు, నీడ పడలేదు' అన్న లైను అందులో ఉండాలి. తప్పు రీడింగ్‌ను చెరిపెయ్యకుండా కారణం రాసిన పిల్లకు ఎక్కువ మార్కులు రావాలి. దీనికి కొత్త గ్రాంటు అక్కర్లేదు, హెచ్‌ఎం ఒప్పుకుంటే ఒక బడిలోనైనా సెప్టెంబరుకు కర్ర పాతొచ్చు. తల్లిదండ్రుల సమావేశంలో చూపించడానికి చార్టులు లేవేమని ఎవరైనా అడిగితే, ఆ కొట్టివేతల పుస్తకాన్నే వాళ్ల చేతికివ్వాలి.