త్రాసులో వేసేముందు అంచు చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలట్రీలో పనిచేసిన తాత లేని ఊరు దొరకడం కష్టం. ఆ తాతల మెడల్స్ దొరకడం మాత్రం ఏటేటా ఇంకా కష్టమైపోతోంది. వెండి ధర పెరిగిన ప్రతిసారీ కొన్ని ట్రంకుపెట్టెలు దాటి వెండి కొట్టుకు చేరుతున్నాయి. 1914–18 యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌నే చూడండి. 36 మిల్లీమీటర్ల బిళ్ల, స్టెర్లింగ్ వెండి. 1980లో వెండి ధర ఒక్కసారిగా ఎగసినప్పుడు బ్రిటన్‌లోనే వీటిని పెద్ద ఎత్తున కరిగించేశారు. ఇప్పుడు కిలో లక్ష దాటాక మన దగ్గరా అదే తంతు. కొట్లో తూకం చూస్తారు, తరుగు తీస్తారు. బిళ్ల పక్క అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం వరసగా అచ్చుకొట్టి ఉంటాయన్న సంగతి కొనేవాళ్లూ చూడరు, అమ్మేవాళ్లూ చాలామంది చూడరు.

యుద్ధంలో చనిపోయినవారికి ఎక్కడో ఒకచోట జాబితా ఉంది. ఢిల్లీ ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో రెండో యుద్ధ మృతుల తండ్రి పేరు, ఊరు కూడా చాలాచోట్ల దొరుకుతాయి. బతికి తిరిగొచ్చి, నాగలి పట్టి, ముసలివాడై పోయినవాడి పేరు మాత్రం ఏ రాతిమీదా లేదు. అతని సర్వీసుకు ఇంట్లో మిగిలిన రుజువు తరచు ఆ అంచు ఒక్కటే. అందుకే దాన్ని నేను వెండిగా కాదు, దస్తావేజుగా చూస్తాను.

ఆ దస్తావేజు చదవడం మన ప్రాంతంలో అంత తేలిక కాదు. సింహాద్రి అప్పన్న, పైడితల్లమ్మ కొలువైన నేల ఇది. ఊరికి పదిమంది అప్పలస్వాములు, అప్పన్నలు, పైడిరాజులు ఉంటారు. మనం మనిషిని ఇంటిపేరుతో గుర్తుపడతాం. పటాలం గుమాస్తాకు ఆ ఇంటిపేరుతో చాలాసార్లు పనిపడలేదు; తనకు వినబడ్డట్టు ఇంగ్లిషులో ఒక్క పేరు రాసుకున్నాడు. కాబట్టి పేరొక్కటే పట్టుకుని వెతికితే వేరేవాళ్ల తాత మన తాతైపోతాడు. నంబరు, పటాలం కలిపి చూడాలి. మొదటి యుద్ధకాలంలో నంబర్లు పటాలానికి ఒక వరస చొప్పున ఇచ్చారు, సైన్యమంతటికీ కలిపి కాదు. అంటే ఒకే నంబరు వేర్వేరు పటాలాల్లో వేర్వేరు సిపాయిలకు ఉండొచ్చు. అంచు మీద ‘ఎస్ అండ్ ఎం’ అన్న పొట్టి అక్షరాలు అరిగిపోతే సాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలో ఇంజినీరింగ్ పనుల దళం) అన్న ఆధారం పోయినట్టే, దాంతోపాటు మనిషీ జారిపోతాడు.

జిల్లా పేరుతోనూ చిక్కే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. పాత కాగితాల్లో వెతకాల్సినవి చికాకోల్, వైజాగపటం, గంజాం. శ్రీకాకుళం అని వెతికి ఏమీ లేదని వదిలేసినవాళ్లు మరోసారి చూడాలి.

ఇక నా మనసు ఎక్కువగా లాగే వస్తువు మినియేచర్. పెద్ద మెడల్‌లో సుమారు సగం సైజు ఉంటుంది. సాయంత్రం మెస్ డ్రెస్, అంటే సైనిక విందులకు వేసుకునే దుస్తులు, వేసుకున్నప్పుడు పెట్టుకునేది. పెద్దది ప్రభుత్వం ఇస్తుంది, చిన్నది సాధారణంగా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. అందుకే వీటిలో ఎక్కువ వాటి మీద పేరే ఉండదు. ఎవరో ఒకరు మాత్రం కంటోన్మెంట్ బజారులో పనివాడి చేత బియ్యపుగింజంత మందం ఉన్న అంచు మీద తన పేరు చెక్కించుకున్నారు. ఏ రూలూ చెప్పకపోయినా, ఎవరూ అడక్కపోయినా డబ్బిచ్చి చేయించుకున్న పని అది. ఇంతకన్నా సొంతమైన వస్తువు సైనికుడి సామానులో మరొకటి ఉంటుందని నేననుకోను.

అయితే రుజువుగా చూస్తే అదే అన్నింటికన్నా బలహీనం. ప్రభుత్వం వేయించిన పేరు కాదు గనక దానికి జాబితా లేదు. నిన్న మొన్న ఎవరైనా చెక్కి ఉండొచ్చు. కంసాలి భూతద్దం పెట్టి, ఫోన్ టార్చి పక్కనుంచి కొట్టి చూస్తే కొంత తెలుస్తుంది. అచ్చుకొట్టిన అక్షరాలు ఒకే లోతులో, ఒకే తీరులో ఉంటాయి. ఉలితో చెక్కిన గీత సన్నగా మొదలై లావై మళ్లీ సన్నబడుతుంది. బిళ్ల మీది రాజుగారి బొమ్మలో ముక్కు, చెవి అరిగి నున్నగా ఉండి, అంచు మీద అక్షరాలు మాత్రం కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి. పెద్ద మెడల్ అయితే స్లైడ్ కాలిపర్‌తో కొలవాలి. వ్యాసం తగ్గిందంటే పాత పేరు అరగదీసి కొత్తది చెక్కారేమోనని సందేహించాల్సిందే. ఇవన్నీ చేసినా మినియేచర్‌ను గట్టిగా నిలబెట్టేది ఒక్కటే: అదే పేరున్న పెద్ద మెడల్స్, డిశ్చార్జి పుస్తకం, పాత ఫొటో దాని పక్కనే ఉండటం.

అందుకే సెట్టు విడగొట్టి అమ్మే వ్యాపారం మీద నాకు కోపం. పెద్దవి ఒకరికి, చిన్నవి ఒకరికి, రిబ్బన్ బార్ (మెడల్‌కు బదులు చొక్కాకు పెట్టుకునే రిబ్బన్ పట్టీ) మరొకరికి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. ఆ మనిషి చరిత్ర మాత్రం మళ్లీ అతకదు. మెడల్స్ సేకరించే మనమే అలాంటివి కొనకుండా ఉంటే ఈ పద్ధతి తగ్గుతుంది. విదేశాల నుంచి మంచి రేటు వస్తుందని కొరియర్ చేసేవాళ్లకు ఇంకో మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1920ల మొదట్లో పంచిన మెడల్స్ ఇప్పుడు ఆ గీత దాటేశాయి.

ఇళ్లలో జరిగే నష్టం ఇంకోరకం. సిరిమానోత్సవానికి ఇల్లు సర్దుతూ, ఇత్తడి సామానుతోపాటు బిళ్లనూ చింతపండు వేసి తోమేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఏటా తోమితే ముందు పోయేది అంచు మీది అక్షరాలే. నల్లబడితే నల్లబడనివ్వండి, పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. 1971 యుద్ధం నాటి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ వెండివి కావు గనక కొట్టుకు పోవు, పిల్లల ఆటసామానులో పోతాయి. ఆ తరం వాళ్లలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు, అడిగితే చెబుతారు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు మాజీ సైనికుల కుటుంబాలు ఎలాగూ వస్తుంటాయి. అక్కడ ఒక టేబుల్, ఒక కెమెరా పెట్టి అంచుల ఫొటోలు తీయిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. కోరుకొండ సైనిక్ స్కూల్ పిల్లలకు ఇంతకు మించిన చరిత్ర ప్రాజెక్టు ఏముంటుంది? అది జరిగేలోగా ఇంట్లో చేయగలిగిన పని ఉంది. అంచు చుట్టూ నాలుగైదు ఫొటోలు తీసి, ఇంటిపేరు, ఊరు, తాత ఏ పటాలంలో చేశాడని ఇంట్లో చెప్పుకునేవారో ఒక కాగితం మీద రాసి బిళ్లతోపాటు పెట్టండి. అమ్మక తప్పని రోజొస్తే సెట్టు మొత్తం ఒకరికే అమ్మండి, ఆ కాగితం కూడా ఇవ్వండి.