అరుదైన ఇంటిపేరుకు వాక్యప్రయోగమా?

అరుదైన ఇంటిపేరును ఇంగ్లీషు వాక్యంలో ఎలా వాడాలో చూపిస్తామని చెప్పే వెబ్ పేజీలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లోపల ఏముంటుంది? ఆ పేరున్న ఆటగాడెవరో గోల్ కొట్టాడని ఒక వాక్యం, ఇంకెవరో రాజీనామా చేశారని మరొకటి. వార్తల్లోంచి యంత్రం ఏరుకొచ్చిన ముక్కలు. ఆ పేరు తీసేసి స్మిత్ అని పెట్టినా ఏమీ మారదు. మరి నేర్పిందేంటి?

మనం నిజంగా తడబడే చోట్లు వేరు. కెన్నెడీ కుటుంబం మొత్తాన్ని బహువచనంలో చెప్పాలంటే చివరి వై అలాగే ఉంచి ఎస్ చేర్చాలి, వై తీసి ఐఈఎస్ పెట్టకూడదు. వుల్ఫ్ ఇంటివాళ్ళు తోడేళ్ళలాగా వుల్వ్స్ అయిపోరు. జోన్స్‌కు ఈఎస్ చేరుతుంది. బహువచనానికి అపాస్ట్రఫీ మాత్రం వద్దు, ఎంతమంది పెట్టినా సరే! పేరు స్పెల్లింగ్ జోలికి పోకూడదు, అంతే. పేరు అరుదైనదైతే చివరి ఎస్ పేరులోదో బహువచనానిదో చదివేవాడికి తెలియదు. అలాంటప్పుడు పక్కన ఫ్యామిలీ అని చేర్చేస్తే గొడవ ఉండదు.

అసలు కథ స్మాల్ లెటర్ దగ్గర ఉంది, అంటే ఇంటిపేరు మామూలు మాటగా మారిపోయి దాని మొదటి అక్షరం చిన్నదైపోయే చోట. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో చార్లెస్ బాయ్‌కాట్ ఒక ప్రభువు భూములకు ఏజెంటు. కౌలు ఇంకా తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోతే జనం అతన్నే వెలివేశారు. పొలం పనికి ఎవరూ పోలేదు, దుకాణాల్లో సరుకు ఇవ్వలేదు. ఆ ఏడాదే పత్రికలు అతని ఇంటిపేరును క్రియగా వాడేశాయి. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద పడింది. ఆ రోజే జర్మనీ పక్షం చేరిన నార్వే నాయకుడు విడ్కున్ క్విస్లింగ్ రేడియోలో తానే ప్రభుత్వాధినేతనని ప్రకటించుకున్నాడు. పది రోజులకే లండన్ టైమ్స్ ఆ పేరును ద్రోహులందరికీ తగిలించింది. 1945లో అతన్ని కాల్చి చంపారు, పేరు మాత్రం డిక్షనరీల్లో ఉండిపోయింది.

స్మిత్ అనేవాడు ఎంత ఘోరం చేసినా ఇలా జరగదు. ఏ స్మిత్ అని అడుగుతారు కదా. పేరు ఎంత అరుదైతే అంత తేలిగ్గా ఒక్క మనిషి చేసిన పని దానికి అంటుకుంటుంది, ఆ ఇంట్లో మిగతావాళ్ళు మోస్తారు. స్మాల్ లెటర్ ప్రతిసారీ అవమానమేమీ కాదులెండి. న్యూటన్, వాట్ యూనిట్లయినప్పుడు పూర్తిగా రాస్తే స్మాల్ లెటరే, గుర్తుగా రాస్తేనే క్యాపిటల్.

ఇంటిపేరు, మామూలు మాట కలిసిపోయి తికమక పెట్టే చోటూ ఉంది. ఇంగ్లండ్ క్రికెటర్ జెఫ్రీ బాయ్‌కాట్‌నే తీసుకోండి. వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికాతో ఆడొద్దని ప్రపంచం అంటుంటే 1982లో అక్కడికి పోయి ఆడాడు, మూడేళ్ళ నిషేధం పడింది. బాయ్‌కాట్‌ను లెక్కచేయని బాయ్‌కాట్! వాక్యం మధ్యలో అయితే క్యాపిటల్ బీ చూసి మనిషి అని పోల్చుకుంటాం. వాక్యం మొదట్లో వస్తే, లేదా హెడ్డింగ్ అంతా క్యాపిటల్స్‌లో ఉంటే ఆ ఆధారం కూడా పోతుంది. రేడియోలో అయితే చెప్పక్కర్లేదు.

ఇదీ చూపించాల్సిన ప్రయోగం. తికమక పోవాలంటే పేరును వాక్యం మొదట్లోంచి జరపండి, లేదా ముందు జెఫ్రీ అని చేర్చండి. ఇక నిన్నటి వార్తల్లో పరువు పోగొట్టుకున్నవాడి ఇంటిపేరును ఇవాళ క్రియగా మార్చి నవ్వుకునే సరదా ఉంది చూశారూ, అది నాకు నచ్చదు. తిట్టాలనుకుంటే పూర్తి పేరుతో ఆ ఒక్కడినే తిట్టండి.