కలగూరగంపకు ఎన్ని క్రెడిట్లు?

పోయిన నెల నన్ను మా యూనివర్సిటీ ఇంటర్‌డిసిప్లినరీ పాఠ్యప్రణాళిక కమిటీలో వేశారు. నా పాండిత్యం చూసి వేశారేమో అనుకుని రెండు రోజులు ఇంట్లో కాస్త గంభీరంగా తిరిగాను. తర్వాత తెలిసింది, తెలుగు నుంచి ఎవరో ఒకరు ఉండాలట. మా డిపార్ట్‌మెంటులో మేం ముగ్గురం. ఒకరు స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నారు. ఇంకొకావిడ మీటింగ్ వాసన తగలగానే సెలవు పెట్టడంలో సిద్ధహస్తురాలు. మిగిలింది నేను.

పని చిన్నదేమీ కాదు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం 2040 నాటికి దేశంలోని ఉన్నత విద్యాసంస్థలన్నీ బహుళశాస్త్ర సంస్థలు కావాలి. ఇంకా బోలెడు టైముంది కాబట్టి పదకొండింటి మీటింగ్ పన్నెండున్నరకు మొదలైంది. అధ్యక్షులవారు తక్షశిల, నలందలతో మొదలుపెట్టి (విధాన పత్రంలోనూ అవే ఉన్నాయి, తప్పు పట్టడానికి లేదు) బాణుడి కాదంబరి మీదుగా అరవై నాలుగు కళల దగ్గరికి వచ్చి ఆగారు. పూర్వం మనవాళ్లు అన్నీ కలిపి చదివేవారు, మనమూ అలాగే చదివించాలి అన్నారు. గణితం మాస్టారు అప్పటికే కాగితం మీద లెక్క కట్టేశారు. కళకు మూడు క్రెడిట్లు (చదువు బరువును తూచే కొలత లెండి) వేసినా మొత్తం 192. మూడేళ్ల డిగ్రీకి యూజీసీ పెట్టింది 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఎంత పిండినా 32 క్రెడిట్ల కళలు తగ్గించక తప్పదు. ముందు చోరకళ తీసేద్దామని ఎవరో అన్నారు. అది ఎలాగూ ప్రాజెక్టు రిపోర్టుల్లో నడుస్తోంది, విడిగా పేపరు అక్కర్లేదని అందరూ ఒప్పుకున్నారు. మినిట్స్‌లో రాయలేదు లెండి.

రెండో అంశం, పేరు. ఇంటర్‌డిసిప్లినరీకి తెలుగు చెప్పమని నన్నడిగారు. అంతర్‌శాస్త్రీయం, బహుశాస్త్రీయం, శాస్త్రసమన్వయం అని వరసగా చెప్పాను. ఒక్కటీ నోరు తిరగడం లేదన్నారు. మన భాషలో దీనికి ఎప్పట్నుంచో కలగూరగంప అనే చక్కటి మాట ఉంది కదండీ అన్నాను. తోటకూర, గోంగూర, బచ్చలి ఒకే గంపలో ఉంటాయి, ఏ కూరకు ఆ కూరే. నేను నిజంగానే అన్నాను, వాళ్లు జోకనుకున్నారు. చివరికి ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసి, తెలుగు అమలైందని నమోదు చేశారు.

ఇక అసలు సంగతి. సిలబస్ అంటే జ్ఞానానికి సంబంధించిన వ్యవహారమని బయటివాళ్లు అనుకుంటారు. ఆ రోజు దాకా నాకూ అలాంటి భ్రమ కొద్దిగా ఉండేది. జ్ఞానం అసలు స్వరూపం ఏమిటో వేదాంతులు చెప్పాలి. కాలేజీలో మాత్రం అది వారానికి ఇన్ని గంటలు అనే రూపంలో ఉంటుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ఆపైవాళ్లకు 14 అని యూజీసీ నిబంధన. గంటలు నిండితే పోస్టు నిలుస్తుంది. నిండకపోతే ‘సర్‌ప్లస్’, అంటే మనిషి ఎక్కువయ్యాడు అనే మాట చెవిన పడుతుంది. అది చెవిన పడ్డ మనిషి ఆ తర్వాత ఏ శాస్త్రంతోనైనా వియ్యమందడానికి సిద్ధమే. శాస్త్రాల మధ్య గోడల్ని కూలగొట్టే శక్తి మా దగ్గర వర్క్‌లోడ్ స్టేట్‌మెంటుకు ఉన్నంతగా ఏ తత్వశాస్త్రానికీ లేదు.

అందుకే చర్చ కృష్ణా నీళ్ల పంపకంలా సాగింది. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు ఇచ్చింది. పోట్లాడుకోవడానికి వాళ్లకు అంత నీరుంది. మా చేతిలో ఉన్నవి సెమిస్టరుకు 20 క్రెడిట్లు, అందులో మేజరు (ప్రధాన సబ్జెక్టు), మైనరు (దానికి తోడు సబ్జెక్టు), భాషలు పోగా మిగిలేది చెంబెడు. ఎగువన కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఆనకట్ట కట్టేసి దిగువన చరిత్రకు చుక్క వదలడం లేదు. బోటనీ వాళ్లు మిగులు జలాల్లో వాటా అడిగారు. సంస్కృతం ఆయన మాత్రం ఏమీ అడగకుండా బిస్కెట్లు తిన్నారు. ఆయన ఆయకట్టంతా ఇంటర్‌లో పచ్చగా ఉంది.

రెండు గంటల తర్వాత పుట్టిన పేపరు పేరు ‘సాహిత్యం, సస్యశాస్త్రం, సమాచార విశ్లేషణ’. ఈ మూడింటికీ ఉన్న సంబంధం చాలా లోతైనది. బోటనీకి నాలుగు గంటలు తక్కువ, తెలుగుకు మూడు తక్కువ, డేటా వాసన లేకపోతే పిల్లలు చేరరు. పేరులో యతి కుదిర్చింది నేను. కమిటీలో నా పాత్ర అంతే, ఆ మేరకు గర్వంగానే ఉంది.

మేం డిగ్రీ చదివేటప్పుడు బీజెడ్‌సీ, ఎంపీసీ, హెచ్‌ఈపీ అని ఉండేవి. నేను హెచ్‌ఈపీ. చరిత్ర, ఆర్థికం, రాజకీయం మూడూ మూడేళ్లు సరిసమానంగా చదివాను. మా రూమ్మేటు బీజెడ్‌సీ వాడు పొద్దున కప్పను కోసి, మధ్యాహ్నం బ్యూరెట్‌లో చుక్కలు లెక్కపెట్టి, సాయంత్రం హెర్బేరియం షీటుకు ఆకులు అంటించేవాడు. ఇదంతా ఇంటర్‌డిసిప్లినరీ అని మాకెవరూ చెప్పలేదు పాపం, ఆ మాట తెలీకుండానే పాసైపోయాం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఆ మూడు ముక్కలాట తీసేసి సింగిల్ మేజర్ పెట్టారు. మూడు సబ్జెక్టులున్నప్పుడు లేని బహుళత్వం ఒక్కటే మిగిలాక ఎలా వచ్చిందని నేను అడగబోయాను. గణితం మాస్టారు బల్ల కింద నా కాలు తొక్కారు. తలుపులన్నీ మూసి, గోడకో కిటికీ పెట్టి, గాలి ఎలా వస్తోందో చూశారా అంటే, వస్తోందండీ అనడమే మర్యాద.

ఆ కిటికీల్లోంచి వచ్చిన గాలి నాకు ముందే పరిచయం. 2020లో స్కిల్ కోర్సులు వచ్చాయి, పౌల్ట్రీ ఫార్మింగ్, ప్లాంట్ నర్సరీ, ఇన్సూరెన్స్ ప్రమోషన్, ఇలా. నేనప్పుడు పనిచేసిన కాలేజీలో జువాలజీ పోస్టు ఖాళీ. కోళ్ల పెంపకం ఎకనామిక్స్ ఆయన నెత్తిన పడింది. ఆయన గుడ్డు కూడా ముట్టని మనిషి. డిమాండు, సప్లయి ఎక్కడైనా ఒకటే కదా అని ధైర్యం చెప్పుకుని సెమిస్టరంతా లాగించారు. కోడికి వచ్చే జబ్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ యూనిట్ ఇంపార్టెంట్ కాదని ప్రకటించారు.

సింగిల్ మేజర్‌లో ఫిజికల్ సైన్సుల పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో గణితం, భౌతికం, రసాయనం కలిపి ఒకే పేపరుగా ఇచ్చారు, చివర్లో కంప్యూటర్లు కూడా. ఆలోచన మంచిదే, నేను వెక్కిరించను. అమలు మాత్రం ఉమ్మడి ఇంటి పొలంలా జరిగింది. ఎవరి గట్టు వాళ్లది. లెక్కల మాస్టారు తన యూనిట్ ముగించి, నా పని అయిపోయిందమ్మా అని దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఆయన ఏం చెప్పారో ఫిజిక్స్ మేడంకు తెలీదు, ఆవిడేం చెప్పారో కెమిస్ట్రీకి తెలీదు. అన్ని క్లాసుల్లోనూ కూర్చున్నది విద్యార్థి ఒక్కడే. అంటే ఆ పేపరు మొత్తానికి ఇంటర్‌డిసిప్లినరీ మనిషి వాడే. మిగతావాళ్లకు జీతాలు వస్తాయి.

ఇంజనీరింగ్ వాళ్లు మనకంటే ముందున్నారని అధ్యక్షులవారి అభిప్రాయం. నిజమే. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018 నమూనా ప్రణాళికలో భారత రాజ్యాంగాన్ని తప్పనిసరి సబ్జెక్టు చేసి, దానికి సున్నా క్రెడిట్లు వేశారు. చదవాలి, పాసవ్వాలి, లెక్కలోకి మాత్రం రాదు. రాజ్యాంగం గురించి అయిదు యూనిట్లలో చెప్పలేనిది ఆ ఒక్క సున్నాతో చెప్పేశారు. పర్యావరణం కూడా అదే వరసలో ఉంది. ఇది కాలేజీల్లోకి మా బోటి కమిటీల దయవల్ల రాలేదు. సుప్రీంకోర్టు గట్టిగా చెబితే అన్ని శాఖలవాళ్లకూ తప్పనిసరి అయింది. అప్పట్నుంచి ఏటా పిల్లలు ప్లాస్టిక్ కాలుష్యం మీద ప్రాజెక్టు రాసి, ప్లాస్టిక్ స్పైరల్ బైండింగ్ వేయించి, ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి ఇస్తున్నారు. ఓపెన్ ఎలెక్టివ్ అయితే ఇంకా గొప్పది. వేరే బ్రాంచి సబ్జెక్టు దేన్నైనా ఎంచుకోవచ్చు, కాలేజీ ఇచ్చే ఆ ఒక్కదాన్లోంచి.

భోజనాల తర్వాత, బోధించేవాళ్లు ఎక్కడ దొరుకుతారన్న సమస్య వచ్చింది. నాకు పావులూరి మల్లన గుర్తొచ్చాడు. దాదాపు వెయ్యేళ్ల కిందట మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తీసుకుని తెలుగు పద్యాల్లో చెప్పినవాడు. భిన్నాలు, ఘనమూలాలు పద్యంలో నడిచాయంటే మాటలా? అలాంటివాడు మా ప్రణాళికకు సరిగ్గా సరిపోతాడని అన్నాను. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఆయన ఫైలు మూసి, “పీజీ ఏ సబ్జెక్టులో?” అన్నారు. నోటిఫికేషన్లో సంబంధిత సబ్జెక్టులో పీజీ, 55 శాతం మార్కులు అని ఉంటుంది. మల్లనను తెలుగు వాళ్లు లెక్కలాయన అంటారు, లెక్కలవాళ్లు కవి అంటారు. నియామకాల రోస్టర్‌లో ఆయనకు పాయింటు లేదు. మహా అయితే గెస్ట్ ఫ్యాకల్టీగా తీసుకోవచ్చు, గంటకింత అని, అదీ బడ్జెట్ రిలీజైతే. పిల్లలకు గోడలు దూకమని నేర్పాలి, నేర్పేవాడు మాత్రం జీవితంలో ఒక్క గోడా దూకి ఉండకూడదు. సర్వీస్ రూల్స్ సారాంశం నాకైతే ఇలా అర్థమైంది.

తర్వాత కోర్సు ఔట్‌కమ్‌ల పట్టిక, అంటే ఏ పాఠం వల్ల పిల్లలకు ఏ నైపుణ్యం ఎంత అబ్బుతుందో అంకెలు వేసే కాగితం. నా యూనిట్‌లోని పద్యానికి ‘సమస్యా విశ్లేషణ’ కింద మూడు వేయాలా రెండు వేయాలా అని అరగంట పట్టింది. రెండు వేశాం. ఎందుకని అడక్కండి. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు వచ్చినప్పుడు గళ్లు ఖాళీగా ఉండకూడదు, అంతే.

కమిటీలో ఒక విద్యార్థి ప్రతినిధి కూడా ఉండాలట. ఫైనలియర్ బీఎస్సీ అమ్మాయి, శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు పిల్ల. పొద్దుట్నుంచి గోడ పక్క కుర్చీలో కూర్చుని అన్నీ రాసుకుంటోంది. సాయంత్రం నాలుగున్నరకు అధ్యక్షులవారికి ఆమె గుర్తొచ్చింది. “ఏమ్మా, నువ్వేమైనా చెబుతావా?” అన్నారు, చెప్పదనే నమ్మకంతో.

“ఒక డౌటండి సార్,” అంది. “మా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడైపోతున్నాయో ఏ సబ్జెక్టులో చదవాలండి?”

కెమిస్ట్రీ మేడం నీళ్ల విషయం అయితే మా కిందికే వస్తుంది గానీ, ఇది నీళ్లవల్లే అని ఇంకా తేలలేదు కదా అన్నారు. బోటనీ ఆయన మట్టి, పురుగుమందుల సంగతి కొంత వరకు చూడొచ్చన్నారు. జువాలజీ ఆయన శరీరం వరకు మాది, జబ్బు మెడికల్ వాళ్లది అన్నారు. ఎండలో కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసేవాళ్లకు ఎక్కువగా వస్తోందంటే అది కూలి, పని గంటల వ్యవహారం, ఎకనామిక్స్‌కు పంపండి అన్నారెవరో. ఎకనామిక్స్ ఆయన స్టాటిస్టిక్స్ వైపు చూశారు. ఆ అమ్మాయి ఒక్కొక్కరి వైపు తల తిప్పుతూ, అందరూ చెప్పింది శ్రద్ధగా రాసుకుంది. వాళ్ల నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ అని తర్వాత మెట్ల దగ్గర నాతో చెప్పింది.

ప్రశ్న చాలా బావుందని అధ్యక్షులవారు మెచ్చుకున్నారు. ఎజెండాలో లేదు కాబట్టి ‘అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు’ కింద వచ్చే మీటింగులో పెడదామన్నారు. టీ వచ్చింది.

టీఏ ఫారాలు నింపుతున్నాం. అందులో ‘సబ్జెక్టు’ అని ఒక గడి ఉంది. రోజంతా విన్న ప్రభావం కాబోలు, ఇంటర్‌డిసిప్లినరీ అని రాశాను. సెక్షన్ క్లర్కు కళ్లజోడు పైకి నెట్టి చదివి, పెన్ను నా చేతికే తిరిగిచ్చాడు.

“అలాంటి హెడ్డు లేదు మాస్టారూ, బిల్లు పాసవ్వదు. తెలుగు అనే రాసేయండి.”

కొట్టేసి తెలుగు అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను.