12 ఆటల బరువు, 162 ఆటల అలవాటు

ఈ ఏడు, అంటే 2026లో, వినాయక చవితి సెప్టెంబర్ 14, సోమవారం వచ్చింది. పనిరోజు కాబట్టి అమెరికాలో చాలా ఊళ్ళలో మన సంఘాలు శనివారమో ఆదివారమో పందిరి వేస్తాయి. టెక్సస్‌లోనూ ఒహాయోలోనూ హాలు మాట్లాడే కమిటీవాళ్ళు ఒక్క సంగతి చూసుకోవాలి: 12వ తేదీ శనివారం ఆస్టిన్‌లో ఒహాయో స్టేట్, టెక్సస్ యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు తలపడుతున్నాయి. ఆ రెండు యూనివర్సిటీల్లో పిల్లలు చదువుతున్న ఇళ్ళవాళ్ళు ఆ పూట పూజకి వచ్చినా మనసు స్కోరు మీదే ఉంటుంది.

నిరుడు ఆగస్టు 30న కొలంబస్‌లో ఈ రెండు జట్లే ఆడితే ఒహాయో స్టేట్ 14-7తో నెగ్గింది. మూడో క్వార్టర్‌లో టెక్సస్ గోల్ లైనుకు ఒక్క గజం దూరం దాకా వచ్చింది. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ బంతిని పొట్టకు అదుముకుని తనే దూరబోయాడు. ఎదుటి లైను గోడలా నిలబడింది. ఆ ఒక్క గజం డిసెంబర్ దాకా టెక్సస్‌ను వెంటాడింది.

ఎందుకంటే టెక్సస్ రెగ్యులర్ సీజన్‌ను 9 గెలుపులు, 3 ఓటములతో ముగించింది. ఓక్లహామాను 23-6తో, టెక్సస్ ఏ అండ్ ఎంను 27-17తో ఓడించింది. ఆ ఓడిన జట్లు రెండూ టైటిల్ తేల్చే 12 జట్ల ప్లేఆఫ్‌కు వెళ్ళాయి, గెలిచిన టెక్సస్ ఇంట్లో కూర్చుంది. ఫ్లోరిడా చేతిలో ఓడిపోవడం వాళ్ళ స్వయంకృతమే, కాదనలేం. కానీ ఒహాయో స్టేట్‌తో కాకుండా ఏ చిన్న కాలేజీతోనో ఆ మొదటి ఆట ఆడి ఉంటే 10-2 అయ్యేది, లెక్క మారేది. మిగతా కాలేజీలు దీన్నుంచి ఏం నేర్చుకుంటాయి? పెద్ద జట్టుతో ఆట ఒప్పుకోవద్దని. పైగా ఈ ఏడాది నుంచి టెక్సస్ ఉన్న లీగ్, ఎస్‌ఈసీ, జట్లు తమలో తాము ఆడే ఆటలు 8 నుంచి 9కి పెరిగాయి. బయటి జట్లకు మిగిలేవి మూడే.

దీనికి కొందరు చెబుతున్న మందు ప్లేఆఫ్‌ను పెంచడం. ఎస్‌ఈసీ 16 జట్లంటోంది, ఒహాయో స్టేట్ ఉన్న బిగ్ టెన్ లీగ్ 24 అంటోంది. మాట కుదరక ఈ ఏడాదికి 12 దగ్గరే ఆగారు. ఆగడమే మంచిదయింది. కాలేజ్ ఫుట్‌బాల్‌లో జట్టుకి ఉండేవి 12 శనివారాలు. ఒక్కటి పోగొట్టుకుంటే నవంబర్ అంతా లెక్కలు వేసుకోవాలి. ఆ భయమే ఆటకి ప్రాణం. 24 జట్లు వెళ్ళే పద్ధతి పెడితే సెప్టెంబర్ 12న ఎవరు ఓడినా ఏమీ కాదు, ఇద్దరూ ప్లేఆఫ్‌లో ఉంటారు. లక్షమంది గొంతు చించుకున్నా అది ప్రాక్టీసు మ్యాచే అవుతుంది.

చెడిపోయింది జట్ల సంఖ్య కాదు, క్యాలెండర్. మొదటి నాలుగు ర్యాంకుల జట్లకు తొలి రౌండ్ ఆడకుండా బై ఇస్తారు. రెండేళ్ళలో 8 జట్లకు బై దక్కితే 7 జట్లు వెళ్ళీ వెళ్ళగానే ఓడాయి. నెగ్గింది నిరుటి ఇండియానా ఒక్కటే. ఆ జట్టు 16-0తో టైటిల్ దాకా వెళ్ళింది కాబట్టి దాన్ని ప్రమాణంగా తీసుకోలేం. 2024లో లీగ్ విజేతలకే బై ఇవ్వాలన్న నిబంధన వల్ల ర్యాంకుకు మించి బై పొందిన జట్లు ఉన్న మాట నిజమే. నిరుడు ఆ నిబంధన తీసేసి ర్యాంకుల ప్రకారమే ఇచ్చినా నాలుగింట మూడు ఓడాయి. ఒహాయో స్టేట్ డిసెంబర్ 6న ఇండియానాతో ఆడి, మళ్ళీ మైదానంలోకి దిగింది 31న. ఇరవై అయిదు రోజులు ఎదుటి మనిషిని తాకకుండా ఉంటే ముందుగా పోయేది ట్యాక్లింగ్, ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్‌కీ రిసీవర్‌కీ మధ్య ఉండే టైమింగ్. ఎదుటి జట్టు అప్పటికే పది పన్నెండు రోజుల కింద నిజమైన ఆట ఆడి వచ్చి ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆటగాళ్ళు కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ జనవరి 2 నుంచి 16 వరకు తెరిచారు. సెమీఫైనల్స్ సరిగ్గా ఆ మధ్యలోనే. కోచ్‌లూ అంతే: ఓల్ మిస్ 11-1తో ప్లేఆఫ్ గుమ్మంలో ఉండగా లేన్ కిఫిన్ ఎల్‌ఎస్‌యూకి వెళ్ళిపోయాడు. పీట్ గోల్డింగ్ పగ్గాలు పట్టుకుని జట్టును సెమీస్ దాకా నడిపించడం ఆ పిల్లల గట్టితనం.

నన్నడిగితే తొలి రౌండ్‌ను డిసెంబర్ రెండో వారానికి జరపాలి. రెండో శనివారం ఆర్మీ-నేవీ ఆటది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. శుక్రవారం రాత్రి రెండు ఆటలు, శనివారం ఆర్మీ-నేవీ అయ్యాక రెండు పెట్టొచ్చు. క్వార్టర్‌ఫైనల్స్ క్రిస్మస్‌కు ముందే, బై వచ్చిన జట్ల సొంత మైదానాల్లో జరపాలి. రెండు వారాల విశ్రాంతి, సొంత జనం. అప్పుడు బై వరమవుతుంది. ఇప్పుడు క్వార్టర్‌ఫైనల్స్ జరిపే బౌల్ ఆటల నిర్వాహకులు ఒప్పుకోరనే మాట వస్తుంది. నిరుడు డిసెంబర్‌లో ఏ అండ్ ఎం సొంత మైదానం కైల్ ఫీల్డ్‌లో మయామీ 10-3తో వాళ్ళను ఓడించిన ఆట చూసినవాళ్ళకు మాత్రం క్యాంపస్‌లో జరిగే ప్లేఆఫ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఫుట్‌బాల్ ఇంటి నుంచి బేస్‌బాల్‌కి నడిచి వచ్చిన ఒక కుర్రాడు మనకి దగ్గరివాడు. టెక్సస్ రేంజర్స్ పిచర్ (బంతి విసిరేవాడు) కుమార్ రాకర్ తల్లి లలిత భారత సంతతి. తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్‌లో డిఫెన్సివ్ లైన్ ఆడి 1988లో లైన్ ఆటగాళ్ళకిచ్చే అవుట్‌ల్యాండ్, లొంబార్డీ ట్రోఫీలు రెండూ గెలిచాడు. కుమార్ వాండర్‌బిల్ట్‌లో మొదటి ఏడాదే, 2019లో, డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిటర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు. అతని ఆయుధం పక్కకి జారే స్లైడర్ బంతి. ఈ ఏడాది వచ్చిన కొత్త నిబంధన సరిగ్గా అలాంటి బంతుల మీదే పని చేస్తుంది.

మార్చి 25 రాత్రి యాంకీస్, జయంట్స్ ఆటతో సీజన్ మొదలవుతోంది. బ్యాటర్ ముందు నేల మీదుండే పలక, ప్లేటు, పైన ఒక ఊహా చట్రం ఉంటుంది: బంతి అందులోంచి వెళ్తే స్ట్రైక్, బయట పోతే బాల్. మేజర్ లీగ్‌లో ఇకమీదట అంపైర్ ఇచ్చే ఈ నిర్ణయాలను సవాలు చేయొచ్చు, కెమెరాలు తేలుస్తాయి. డీఆర్‌ఎస్ ఎరిగిన మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది, తేడాలు తెలిస్తే చాలు. జట్టుకి ఆటకు రెండు అవకాశాలు. గెలిస్తే అవకాశం మిగులుతుంది, ఓడితే పోతుంది. ఆట అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్ళేసరికి చేతిలో ఏమీ లేకపోతే ఒకటి ఇస్తారు. అడిగే హక్కు బ్యాటర్, పిచర్, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ ముగ్గురిదే. మేనేజర్ అడగకూడదు, డగౌట్ నుంచి సైగ రాకూడదు. క్రికెట్‌లో లాగా 15 సెకన్లు అవతలి బ్యాటర్‌తో మాట్లాడుకునే వీలు లేదు. రెండు సెకన్లలో టోపీనో హెల్మెట్‌నో తట్టాలి.

అంపైర్స్ కాల్ అనేది కూడా లేదు. బంతి అంచు వెంట్రుకవాసి తగిలినా స్ట్రైకే. ఆ చట్రం కొలతలు ఇవి: వెడల్పు ప్లేటంత, 17 అంగుళాలు. పై అంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కింది అంచు 27 శాతం. 6 అడుగుల 7 అంగుళాల ఆరన్ జడ్జ్‌కి నేల నుంచి 21.3 అంగుళాల దగ్గర మొదలై 42.3 దగ్గర ముగుస్తుంది. 5 అడుగుల 6 అంగుళాల హోసే ఆల్టువేకి 17.8 నుంచి 35.3. వంగి నిలబడినా మారదు, బూట్లు లేకుండా కొలిచిన ఎత్తే లెక్క.

కీలకం మరొకటి. చట్రం ప్లేటు నడిమధ్యలో, ముందు అంచు నుంచి 8.5 అంగుళాల దగ్గర, అద్దంలా నిలబెట్టి ఉంటుంది. ప్లేటు ముందు అంచు మీద మోకాలి ఎత్తున దూరి, మధ్యకు వచ్చేసరికి కిందికి జారిపోయే కర్వ్ బంతి పాత రూలు పుస్తకం ప్రకారం స్ట్రైక్, ఈ కెమెరా లెక్కలో బాల్. ప్లేటు దాటిపోతూ వెనక మూలను మాత్రం గీరే స్లైడర్‌కీ అదే గతి. రాకర్ లాంటివాళ్ళు ఆ బంతిని కొంచెం లోపలికి తెచ్చుకోవాలి.

పొరపాటు ఎక్కడ జరుగుతుందో 2025 స్ప్రింగ్ ట్రైనింగ్ పరీక్షల్లోనే తేలింది. క్యాచర్లు అడిగినవాటిలో 56 శాతం నెగ్గాయి, బ్యాటర్లవి 50, పిచర్లవి 41. బంతి వదిలాక పిచర్ తల ఒక పక్కకి వాలి ఉంటుంది, తన బంతి మీద మమకారం కూడా ఎక్కువ. క్యాచర్ చట్రానికి ఎదురుగా కూర్చుని ఉంటాడు. తెలివైన జట్లు పిచర్లను అడగొద్దని కట్టడి చేస్తాయి. మొదటి ఇన్నింగ్స్‌లో బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు కోపంతో హెల్మెట్ తట్టే బ్యాటర్ తన జట్టు ఎనిమిదో ఇన్నింగ్స్‌ను అమ్ముకున్నట్టే. పిల్లల్ని పార్కుకి తీసుకెళ్తే ఒక్కసారైనా బంతిని వదిలి క్యాచర్ చేతిని చూడమనండి. ఈ సీజన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే. అంపైర్ ఉంటాడు, తప్పు దిద్దుకునే దారి ఉంటుంది, ఆట పావు నిమిషం కూడా ఆగదు.

ఇంత బాగున్న ఆటకు ముంచుకొస్తున్న గండం డిసెంబర్ 1. యజమానులకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఒప్పందం ఆ రాత్రితో తీరిపోతుంది. యజమానుల్లో చాలామందికి జీతాల మీద గరిష్ఠ పరిమితి కావాలి. లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ రెండేళ్ళు వరసగా టైటిల్ గెలిచి, జనవరిలో కైల్ టక్కర్‌కి నాలుగేళ్ళకు 24 కోట్ల డాలర్లు ఇచ్చింది కదా అంటారు. ఐపీఎల్ చూసేవాళ్ళకు ఈ వాదన సబబుగానే తోస్తుంది. 2025 వేలంలో సన్‌రైజర్స్‌కీ ముంబైకీ ఒకే పర్సు, 120 కోట్ల రూపాయలు. కానీ ఐపీఎల్‌లో పర్సులో కనీసం 75 శాతం ఖర్చు పెట్టి తీరాలి, టీవీ డబ్బు లీగ్ చేతికొచ్చి అందరికీ పంపకమవుతుంది. బేస్‌బాల్‌లో స్థానిక టీవీ డబ్బులో పెద్ద వాటా ఏ ఊరిది ఆ ఊరికే. డాడ్జర్స్ టీవీ ఒప్పందం 25 ఏళ్ళకు 835 కోట్ల డాలర్లు. ఆ డబ్బును పంచకుండా, కనీస ఖర్చు పెట్టకుండా పైకప్పు ఒక్కటీ వేస్తే మిగిలింది యజమాని జేబులోకి పోతుంది. మూడూ కలిపి బల్ల మీద పెడితేనే అది న్యాయమైన బేరం.

ఫుట్‌బాల్‌కి కొరత బలమైతే బేస్‌బాల్‌కి తెగని వరస బలం. సీజన్‌లో జట్టు ఆడే 162 ఆటల్లో ఏ ఒక్కటీ పెద్దది కాదు, రోజూ ఉండటమే దాని గొప్ప. 1994లో ఆగస్టు 12న సమ్మె మొదలై వరల్డ్ సిరీస్ రద్దయింది. మరుసటి ఏడాది సగటు ప్రేక్షకులు సుమారు 20 శాతం తగ్గారు. ఆగే నాటికి 74-40తో అందరికన్నా ముందున్న మాంట్రియల్ ఎక్స్‌పోస్ మళ్ళీ కోలుకోలేదు. పదేళ్ళకు ఊరే ఖాళీ చేసి వాషింగ్టన్ చేరింది.

ఒప్పందం కుదరక యజమానులే తలుపులు మూసేసే లాకౌట్ అయితే ఆటగాళ్ళు క్లబ్ జిమ్ముల్లో అడుగుపెట్టకూడదు, టీమ్ డాక్టర్లతో మాట్లాడకూడదు. మోచేతి ఆపరేషన్ అయి కోలుకుంటున్న పిచర్‌కి అది నిజమైన నష్టం. చేయి పూర్తి వేగానికి రావడానికి ఆరు వారాలు కావాలి. అందుకే పిచర్లూ క్యాచర్లూ ఫిబ్రవరి మధ్యలోనే శిబిరాలకు వస్తారు. క్రితంసారి లాకౌట్ 99 రోజులు సాగి 2022 మార్చి 10న ముగిసింది, సీజన్ ఏప్రిల్ 7న మొదలైంది. వచ్చే ఏడు ఉగాది ఏప్రిల్ 7నే. ఆ పూటకి బేస్‌బాల్ మొదలై కనీసం వారమైనా అయి ఉండాలి.