సవరణ: ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదన్న మాట తప్పు

వానాకాలం కరెంటు జాగ్రత్తల గురించి పోయిన వారం రాస్తూ, బోర్డులో ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) ఉంటే షాక్ భయం లేదన్నాను. తప్పు రాశాను, క్షమించండి.

ఎంసీబీ కాపాడేది వైర్లను. లోడు మితిమీరినా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది, మంటలు రాకుండా ఆపుతుంది. కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. అందులో దాదాపు ఐదొందలో వంతు, అంటే 30 మిల్లీఆంపియర్లు చాలు, ప్రాణం మీదికి రావడానికి. అంత చిన్న లీకేజీని పట్టేది బోర్డులోనే పెట్టే మరో స్విచ్, ఆర్‌సీసీబీ. ఫేజ్ వైరులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ వైరులో తిరిగి రాకపోతే రెప్పపాటులో కట్ చేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీఆంపియర్లదే తీసుకోండి. ఇది ఓవర్‌లోడు చూడదు కాబట్టి ఎంసీబీ కూడా ఉండాల్సిందే. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం ఇదీ కాపాడలేదు.

ఇది రాసే ముందు విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి ఆర్‌సీసీబీ మీద 'టి' బటన్ నొక్కాను. టక్‌మని పడాలి. ఉలుకూ పలుకూ లేదు! నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు మరి. సాయంత్రానికల్లా కొత్తది వేయించాను.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో బోర్డు మునిగిన సింగ్ నగర్ వాళ్లు, ఆరబెట్టిన పాత ఎంసీబీ, ఆర్‌సీసీబీలే వాడుతుంటే మార్పించేయండి. పదేపదే పడిపోతోందని ఆర్‌సీసీబీని బైపాస్ చేయించుకున్నవాళ్లు లీకేజీ ఎక్కడుందో తెలియడానికి ముందు గీజర్, మోటారు చూపించుకోండి.