వాయుసేనాధిపతిని దేనితో కొలవాలి?

2025 మే నెలలో జరిగిన ఆపరేషన్ సిందూర్‌లో ఎవరివి ఎన్ని విమానాలు కూలాయన్న వాదం ఇంకా చల్లారలేదు. సరిహద్దుకు అటూ ఇటూ ఎవరి అంకె వారిది. ఆ అంకె చేతపట్టుకుని వాయుసేనాధిపతికి మార్కులు వేసేవారికీ కొదవలేదు. ఆ హడావుడిలో చాలామంది చెవికి ఎక్కని మాట ఒకటుంది. మే 31న సింగపూర్‌లో త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మన వైపూ నష్టం జరిగిందని ఒప్పుకుంటూనే, పొరపాటెక్కడో గుర్తించి, సరిదిద్దుకుని, రెండు రోజుల తర్వాత విమానాలను మళ్లీ రంగంలోకి దించామన్నారు. పట్టి చూడాల్సింది ఆ రెండు రోజులను.

కూల్చివేతల లెక్క ఎంత కల్తీదో 1940 నాటి బ్రిటన్ గగనయుద్ధమే చూపింది. సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని లండన్ చాటుకుంది. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులు తిరగేస్తే అవి 60 దరిదాపుల్లో తేలాయి. కావాలని అబద్ధమాడాల్సిన పని కూడా లేదు. ఒకే విమానాన్ని ముగ్గురు కాల్చి, ముగ్గురూ తమ ఖాతాలో రాసుకుంటారు. ఇంజిన్‌ను పూర్తిగా రేపి కిందికి దూకిన జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ నల్లటి పొగ వదిలితే ఇక అయిపోయిందనుకుంటారు. అది మాత్రం మేఘాల కింద నుంచి ఇంటిదారి పడుతుంది. జర్మన్లు తమ తప్పుడు లెక్కలను తామే నమ్మారు. బ్రిటన్ దగ్గర ఫైటర్లు అడుగంటాయన్న ధీమా, సెప్టెంబరు 7న దాడిని వైమానిక స్థావరాల మీద నుంచి లండన్ మీదికి మళ్లించడానికి ఒక కారణమైంది. అప్పటికి బ్రిటన్ ఫ్యాక్టరీలు నెలకు 450కి పైగా ఫైటర్లు తయారు చేస్తున్నాయి. కొరత ఉన్నది పైలట్లకే.

బ్రిటన్ ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ పనితనం బయటపడేది ఇక్కడే. ఫ్రాన్స్ కుప్పకూలుతున్న 1940 మే 16న ఆయన పై అధికారులకు లేఖ రాశారు. దేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు (ఫైటర్ దళాలు) కావాలని మీరే లెక్క కట్టారు, నా దగ్గర మిగిలినవి 36, ఫ్రాన్స్‌కు ఇంకా పంపితే దేశానికి కాపలా ఉండదన్నది దాని సారం. మిత్రదేశం మునిగిపోతుంటే అలా రాయడానికి గుండెదిటవు కావాలి. సెప్టెంబరులో ఆయన స్క్వాడ్రన్లను ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేశారు. ‘సీ’ తరగతి వాటి నుంచి చేయి తిరిగిన పైలట్లను తీసి ముందు వరుసకు పంపి, కొత్తవారికి అక్కడే తర్ఫీదు ఇప్పించారు. స్క్వాడ్రన్ పరువు దెబ్బతిన్నా పోరు ఆగలేదు.

డౌడింగ్ ఆపరేషన్స్ గదిలోని గడియారాన్నీ చూడాలి. దాని ముఖాన్ని అయిదేసి నిమిషాల ముక్కలుగా విడదీసి, ఎరుపు, పసుపు, నీలం రంగులు వరుసగా వేశారు. మ్యాప్ మీద శత్రువు జాడను సూచించే బిళ్లకు, ఆ కబురు అందిన నిమిషంలో ముల్లు ఏ రంగు మీదుంటే ఆ రంగే. పాతబడ్డ సమాచారం చూసీచూడగానే తెలిసిపోయేది. పావుగంట కిందటి జాడ మీదికి ఫైటర్లను పంపితే ఖాళీ ఆకాశం దొరుకుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. డౌడింగ్ లోపాలూ తక్కువేం కాదు. రాత్రి దాడులకు విరుగుడు సకాలంలో దొరకలేదు. పార్క్, లీ-మాలరీ అనే ఇద్దరు గ్రూపు కమాండర్ల తగాదాను ఆయన తీర్చనూ లేదు, ఒకరి మాటకు కట్టుబడనూ లేదు. నవంబరులో ఆయన్ను తప్పించారు.

పోరులో విమానాల అరుగుదల లెక్క ఇంకా కఠినం. వంద విమానాలు రోజుకు రెండేసి సార్టీలు (ఒకసారి ఎగిరి వస్తే ఒక సార్టీ) ఎగురుతూ, సార్టీకి 2 శాతం పోగొట్టుకుంటే రెండు వారాలకు మిగిలేవి 57. నష్టం 1 శాతమైతే 75. ఆ ఒక్క శాతంలోనే రెండో నెల యుద్ధం ఉందో లేదో తేలుతుంది. నేల మీద పని కూడా అంతే. దిగిన విమానానికి ఇంధనం, ఆక్సిజన్, తూటాల పట్టీలు, బాంబులు ఎక్కించి, టైర్లు చూసి మళ్లీ పంపడానికి గంటన్నర పడుతుందనుకుందాం. సార్టీకి గంట చొప్పున, పది గంటల పగటిలో ఒక విమానం నాలుగుసార్లు ఎగురుతుంది. ఆ గంటన్నరను గంటకు దించితే అయిదుసార్లు. కొత్త విమానం ఒక్కటి కూడా కొనకుండానే బలం పాతిక శాతం పెరిగినట్టు. ఈ అరగంట గురించి టీవీ చర్చల్లో ఎవరూ అడగరు.

మన అనుభవం 1965 నాటి పాక్ యుద్ధంతో మొదలవుతుంది. సెప్టెంబరు 1 సాయంత్రం ఛంబ్ సెక్టార్‌లో పాక్ ట్యాంకులు దూసుకొస్తుంటే, రక్షణ మంత్రి వై.బి.చవాన్ సరేననగానే ఎయిర్ మార్షల్ అర్జన్ సింగ్ గంటలోపే పఠాన్‌కోట్ నుంచి విమానాలు లేపించారు. ఆ వేగం మెచ్చదగ్గదే. అయితే ముందుగా పంపినవి కాలం చెల్లిన వాంపైర్ జెట్లు. నాలుగు పోయాయి. సెప్టెంబరు 6న ఎనిమిది పాక్ సేబర్ ఫైటర్లు పఠాన్‌కోట్ మీద పడేసరికి గస్తీ విమానాలు గాలిలో లేవు. పది విమానాలు నేల మీదే తగలబడ్డాయి. వాటిలో రెండు సరికొత్త మిగ్-21లు. మర్నాడు పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండలో ఆరుబయట వరసగా నిలిపిన కాన్‌బెర్రా బాంబర్లదీ అదే గతి. ఢాకా సేబర్లు కొన్ని గంటల తేడాతో రెండోసారీ వస్తే, అప్పుడు మాత్రం మన హంటర్ ఫైటర్లు అడ్డుకున్నాయి. లాహోర్ వైపు సైన్యం కదిలిన రోజున ఆర్మీకీ వాయుసేనకూ ఉమ్మడి ప్రణాళిక అంటూ లేదు.

ఈ తప్పులన్నీ ఒక్కరి నెత్తిన వేయడం సరికాదు. అర్జన్ సింగ్ పగ్గాలు పట్టి అప్పటికి ఏడాదే. 1962 తర్వాత మొదలైన విస్తరణ సగంలో ఉంది. తూర్పు పాకిస్తాన్‌లో పోరు పెంచకూడదన్నది ప్రభుత్వ నిర్ణయం. అవతల పాక్ వాయుసేనకు నూర్ ఖాన్ అధిపతి అయింది 1965 జులైలో. ఆ సెప్టెంబరులో ఆయనకు దక్కిన పేరులో పెద్ద వాటా, అంతకుముందు ఎనిమిదేళ్లు ఆ దళాన్ని తీర్చిదిద్దిన అస్గర్ ఖాన్‌ది. విమానాలను చెదరగొట్టి ఉంచడం, గస్తీ లేపడం మాత్రం ఢిల్లీ అనుమతి అక్కర్లేని పనులు. పఠాన్‌కోట్ బాధ్యత వాయుసేనదే.

1965లో ఉపాధిపతిగా ఇదంతా దగ్గర నుంచి చూసిన ప్రతాప్ చంద్ర లాల్ 1971 నాటికి అధిపతి. అప్పటికి స్థావరాల్లో విమానాలను దాడి నుంచి కాచే కాంక్రీటు గూళ్లు, అంటే బ్లాస్ట్ పెన్లు, వెలిశాయి. వాటి నిర్మాణం అర్జన్ సింగ్ హయాంలోనే మొదలైంది కాబట్టి ఆ ఖాతా ఇద్దరిదీ. డిసెంబరు 3 సాయంత్రం పాక్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్ సహా పలు స్థావరాలపై ఒక్కసారిగా దాడి చేస్తే, పెన్లలోని యుద్ధవిమానాలకు చెప్పుకోదగ్గ నష్టం లేదు. అమృత్‌సర్ రన్‌వే గుంతలు ఆ రాత్రే పూడాయి. ఆ యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు చూసింది హైదరాబాదీ ఇద్రీస్ హసన్ లతీఫ్. 1978లో ఆయనే అధిపతి అయ్యారు.

తప్పు దిద్దుకోవడం అన్నిటికంటే తేటగా కనిపించేది ఢాకాలోని తేజ్‌గావ్ వైమానిక స్థావరం దగ్గర. డిసెంబరు 4న మన హంటర్లు, సుఖోయ్-7లు అక్కడి విమానాల మీదికి వెళ్లి, విమాన విధ్వంసక తుపాకుల దెబ్బకు నష్టపోయాయి. పెన్లో దాగిన సేబర్‌ను రాకెట్లతో కొట్టడం కష్టమని ఒక్క రోజులో తేలిపోయింది. వెంటనే గురి మార్చారు. మిగ్-21లు 500 కిలోల బాంబులతో నిటారుగా డైవ్ చేసి రన్‌వేనే పగలగొట్టాయి. ఒకసారి కొట్టి వదిలేస్తే పని జరగదు. గుంతలో మట్టి నింపి, దట్టించి, పైన పరిచేలోపే మళ్లీ వెళ్లాలి. అలా తిరిగి తిరిగి కొట్టడంతో డిసెంబరు 7 నాటికి తూర్పున పాక్ విమానం ఎగరలేదు. దిద్దుబాటుకు పట్టింది మూడు రోజులు.

అదే యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులోని లాంగేవాలా మీదికి రాత్రివేళ పాక్ ట్యాంకులు వస్తే, హంటర్లు తెల్లారేదాకా రాలేకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, వాటికి రాత్రి పోరు సామర్థ్యం లేదు. జైసల్మేర్‌లో ఉన్న ఆ హంటర్లు శిక్షణ విభాగం నుంచి తెచ్చినవి. బోధకులను యుద్ధానికి పంపితే కొత్త పైలట్ల తయారీ ఆగుతుంది. రెండు వారాల పోరులో అది చెల్లింది, రెండేళ్ల పోరులో చెల్లదు. సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ ఎయిర్ వార్‌ఫేర్‌లో అధికారులు నేర్చుకునేది ఇలాంటి తూకాలే.

యుద్ధాలు, ఆపరేషన్ల చరిత్రలను అవి ముగిసిన అయిదేళ్లలోగా రాసి ఉంచాలని, రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బహిరంగపరచాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. సిందూర్‌కు ఆ అయిదేళ్ల గడువు 2030. అప్పటికి సిద్ధమయ్యే చరిత్రలో కూల్చివేతల జాబితాతో పాటు ప్రతి స్థావరం నుంచి రోజువారీ సార్టీల పట్టిక, ఎగరగల విమానాల సంఖ్య, మరమ్మతు రిజిస్టర్లు, తొలి నష్టం తర్వాత ఏ గంటకు ఏ ఆదేశం మారిందన్న వివరం ఉండాలి. గోప్యత పేరుతో పేజీలు తొలగించక తప్పకపోతే, ఎన్ని పేజీలు, ఏ కారణంతో తొలగించారో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి రాతపూర్వకంగా చెప్పాలి.