షెరీఫ్‌ను అడిగేవాడే లేడా?

"షెరీఫ్‌ను జనం నేరుగా ఎన్నుకుంటారు. కాబట్టి కౌంటీలో అతని మాటే చట్టం. ఎన్నికల వేళ ఎవరిని ఉద్యోగంలో పెట్టుకున్నా, ఎవరిని తీసేసినా, ఓడిపోయి వెళ్తూ డబ్బంతా ఖర్చు చేసినా అడిగేవాడు లేడు." అమెరికాలో ఏళ్లుగా బాగా తిరుగుతున్న వాదన ఇది. షెరీఫ్ అంటే కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి ప్రాంతానికి, పోలీసు పనీ జైలూ చూసే అధికారి. టెక్సాస్‌లో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఓటు వేసే తెలుగువాళ్లు కూడా ఇది నమ్మితే నష్టమే. అడిగే హక్కు ఉందని తెలియనివాళ్లు అడగరు కదా.

ముందు "అతని మాటే చట్టం" సంగతి. ఇలా చెప్పేవాళ్లు తరచూ 1997 నాటి సుప్రీంకోర్టు తీర్పును చూపిస్తారు. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు విచారించే పని ఫెడరల్ ప్రభుత్వం తమ నెత్తిన పెట్టడం చెల్లదంటూ మోంటానా షెరీఫ్ ప్రింట్జ్, ఆరిజోనా షెరీఫ్ రిచర్డ్ మాక్ వేసిన కేసు అది. వాళ్లు గెలిచిన మాట నిజమే. కానీ ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్ర, స్థానిక అధికారులతో బలవంతంగా తన చట్టం అమలు చేయించకూడదని మాత్రమే కోర్టు చెప్పింది. సొంత రాష్ట్ర చట్టాలు షెరీఫ్‌కు వర్తించవని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

ఇక ఉద్యోగాలు. గెలిచిన షెరీఫ్ ఓడినవాడి మనుషుల్ని ఇష్టం వచ్చినట్టు తీసేయవచ్చన్నది సగమే నిజం. షికాగో ఉన్న కుక్ కౌంటీలో డెమోక్రాట్ షెరీఫ్ ఎల్రాడ్ పదవిలోకి రాగానే పాత రిపబ్లికన్ ఉద్యోగుల్ని తొలగించడం మొదలుపెట్టాడు. విధాన నిర్ణయాలతో సంబంధం లేని ఉద్యోగిని కేవలం పార్టీ చూసి తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. వర్జీనియాలోని హాంప్టన్‌లో 2009 ఎన్నికల తర్వాత ఇంకో గొడవ వచ్చింది. పోటీదారు ఫేస్‌బుక్ పేజీకి లైక్ కొట్టిన ఒక జైలు ఉద్యోగి కొలువు పోయింది. ఆ లైక్ కూడా రాజ్యాంగం కాపాడే వాక్కేనని 2013లో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (వర్జీనియా, నార్త్ కరోలినా లాంటి రాష్ట్రాల అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు) చెప్పింది.

కానీ ఇదే కోర్టు 1997లో నార్త్ కరోలినా కేసులో, షెరీఫ్ తరఫున అరెస్టులు చేసే డిప్యూటీలను రాజకీయ విధేయత చూసి తొలగించవచ్చని ఒప్పుకుంది. హాంప్టన్ ఉద్యోగులు జైలు కాపలావాళ్లు, అందుకే తీర్పు వేరుగా వచ్చింది. అంటే ఏ ఉద్యోగం, ఏ రాష్ట్రం అన్నదాన్ని బట్టి షెరీఫ్ చేతికి ఎంత అధికారమో మారుతుంది. ఇది నాకు నచ్చని గీత. అరెస్టు చేసే అధికారం ఉందన్న కారణంతో ఒక డిప్యూటీ తన ఓటు ఎటో దాచుకుని భయంతో బతకాల్సి రావడం అన్యాయం. అయినా గీత ఉందన్నది నిజం. నియామకాల మీద కూడా హద్దులున్నాయి. నార్త్ కరోలినాలో నియామకం షెరీఫ్ సొంత హక్కే, కానీ దగ్గరి బంధువుని పెట్టుకోవాలంటే కౌంటీ బోర్డు ఒప్పుకోవాలి.

ఓడినవాడు వెళ్తూ ఖజానా ఖాళీ చేయవచ్చన్న మాటకు మిసిసిపీ చట్టమే జవాబు. అక్కడ షెరీఫ్ బడ్జెట్‌ను పెంచేదీ తగ్గించేదీ కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు. ఆ బోర్డు తన పదవీకాలం చివరి ఏడాది అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, అత్యవసరమైతే తప్ప, బడ్జెట్‌లో ఏ పద్దులోనూ నాలుగో వంతు మించి ఖర్చు చేయకూడదు. చివరి ఆరు నెలల్లో, మళ్లీ గెలిస్తే తప్ప, యంత్రాలు, సామగ్రి కొనకూడదు.

ప్రజల డబ్బుతో ప్రచారం చేసుకోవడం కూడా కుదరదు. టెక్సాస్‌లో కౌంటీ అధికారి ప్రభుత్వ నిధులతో రాజకీయ ప్రకటన ఇస్తే నేరం, ఏడాది వరకు జైలు పడవచ్చు.

ఈ వాదనకు బలం ఎక్కడ నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. అలబామాలో ఖైదీల తిండికి ఇచ్చిన డబ్బులో మిగిలింది షెరీఫ్ జేబులో వేసుకునే ఆచారం దశాబ్దాలు నడిచింది. ఎటోవా కౌంటీ షెరీఫ్ ఎంట్రెకిన్ అలా ఏడున్నర లక్షల డాలర్లకు పైగా తీసుకున్నాడని 2018లో బయటపడింది. బీచ్ దగ్గర ఇల్లు కూడా కొన్నాడు. ఖైదీల కడుపు కొట్టిన డబ్బు అది, చదువుతుంటే ఇప్పటికీ రక్తం మరుగుతుంది. అదే ఏడాది పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో అతను ఓడిపోయాడు, 2019లో రాష్ట్రం చట్టం మార్చి ఆ దారి మూసింది. అదే రాష్ట్రంలో లైమ్‌స్టోన్ కౌంటీకి దాదాపు నలభై ఏళ్లు షెరీఫ్‌గా ఉన్న బ్లేక్లీని సొంత ప్రచార నిధి నుంచి దొంగిలించినందుకు, పదవిని సొంతానికి వాడుకున్నందుకు 2021లో జ్యూరీ దోషిగా తేల్చింది.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఒక్క మాట. షెరీఫ్ ఆఫీసులో ఎన్ని పోస్టులు ఉండాలో, ఎంత జీతమో నిర్ణయించేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది కౌంటీని నడిపే పాలకమండలి. బడ్జెట్ ఆమోదించే ముందు బహిరంగ విచారణ జరపాలి, దానికి ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు.